మహారాజశ్రీ స్టాండ్‌బై గారికి

మహారాజశ్రీ స్టాండ్‌బై గారికి, అనగా ఎప్పుడు పిలిచినా బయల్దేరేలా సైనికుణ్ని సిద్ధంగా ఉంచే ఉత్తర్వు గారికి, నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. కానీ ఆ ఉభయుల్లో ఒకరు, సైన్యంలో ఉన్న మా ఆయన, మొన్న రాత్రి పదకొండున్నరకి పరదేశానికి బయల్దేరారు. ఏ దేశమో మీరు చెప్పలేదు కాబట్టి ఆ మాట సగమే రాస్తున్నాను. ఇక్కడ మేము కుశలం.

సంగతి షేవింగ్ సెట్టు గురించి.

తొమ్మిది వారాల కిందట తమరు మా ఇంటికి వేంచేశారు. "ఎప్పుడైనా బయల్దేరాల్సి రావచ్చు, సామాను సర్దుకుని ఉండండి" అన్నారు. సర్దుకున్నాం. లిస్టులో ఉన్నవన్నీ పెట్టి, జిప్పు లాగి, బ్యాగుని తలుపు పక్కన నిలబెట్టాం. మర్నాడు పొద్దున్న తెలిసింది, షేవింగ్ సెట్టు ఆ బ్యాగు అడుగున ఉందని. సైనికుడు రోజూ గడ్డం గీసుకోవాలి కదా. జిప్పు తీశాం. పని అయ్యాక కడిగి, తుడిచి, లోపల పెట్టి, మళ్లీ జిప్పు లాగాం. రెండో రోజూ అంతే. ఇరవయ్యో రోజూ అంతే. ఆ జిప్పు చప్పుడుతోనే మా ఇంట్లో తెల్లవారేది.

టైము తక్కువిచ్చారని నా ఫిర్యాదు కాదండీ. తక్కువ టైములో వెళ్లినవాళ్ల కథలన్నీ చదివాను. మీ దయవల్ల రాత్రిళ్లు నిద్ర లేదు, చదువుకోడానికి కొదవేముంది?

1982 ఏప్రిల్ 2న అర్జెంటీనా సైన్యం బ్రిటన్ చేతిలో ఉన్న ఫాక్లాండ్స్ దీవుల్లో దిగింది. బ్రిటన్‌లో ఈస్టర్ సెలవులకి బయల్దేరినవాళ్లని కూడా వెనక్కి పిలిచారు. ఏప్రిల్ 5కల్లా ఓడలు రేవు వదిలాయి. మూడే రోజులు. ఆ తర్వాత మే నెలలో మరింతమందిని పంపడానికి క్వీన్ ఎలిజబెత్ 2 అనే విలాసాల ఓడని తీసుకుంటే, దాన్ని ముస్తాబు చెయ్యడానికి వారం పైనే పట్టింది. మనిషికంటే ఓడకే ఎక్కువ నోటీసు. 1988 నవంబర్ 3న మాల్దీవుల్లో తిరుగుబాటు జరిగి భారత్‌ని సాయం అడిగితే, ఆ రాత్రికే ఆగ్రా నుంచి పారాచూట్ దళం వెళ్లి హుల్హులే విమానాశ్రయంలో దిగింది. సైన్యం మ్యాపులు దొరకడానికి వేళేది, టూరిస్టు మ్యాపులతో పని కానిచ్చారు. అమెరికాలో 82వ ఎయిర్‌బోర్న్ డివిజన్ అనే పారాచూట్ సైన్యం వాళ్లకైతే కబురొచ్చిన 18 గంటల్లో మొదటి దళం గాల్లో ఉండాలని లెక్క. 2020 కొత్త సంవత్సరం రోజుల్లో వాళ్లని అలాగే పశ్చిమాసియాకి పంపారు. ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ తేవద్దని కూడా చెప్పారు.

చదువుతూ జాలిపడాలి. నేను కుళ్లుకున్నాను. 18 గంటలు! ఏడవడానికి రెండు గంటలు, పోట్లాడుకోడానికి ఒకటి, సంతకాలకి ఒకటి, పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకోడానికి మిగతావన్నీ. ఒకేసారి ఏడ్చి ముఖం కడుక్కోవచ్చు.

పోనీ ఎక్కువ టైమిచ్చేవాళ్లనైనా చూడండి. అమెరికాలో రిజర్వు సైనికులకి మామూలుగా 30 రోజులకి తగ్గకుండా ముందే చెప్పాలని నియమం ఉంది. ఐక్యరాజ్యసమితి శాంతిదళాల్లో "మేం త్వరగా వస్తాం" అని మాటిచ్చిన దళాలకి పిలిచాక 60 రోజుల గడువు. త్వరగా అంటేనే అరవై! అయినా ఫరవాలేదు, అదొక అంకె. క్యాలెండర్లో సున్నా చుట్టుకోవచ్చు. తమరి దగ్గర అంకె అన్నదే లేదు. "ఎప్పుడైనా" ఒక్కటే ఉంది.

ఆ మాటతో మేం ఎలా బతికామో చెప్పనివ్వండి. ఏదైనా కొనాలంటే, ఉంటారో లేదో. పంటి డాక్టరు దగ్గర టైము తీసుకోవాలంటే, ఉంటారో లేదో. కుటుంబాల కోసమని మీటింగు పెట్టారు. గంటసేపు తెరమీద బొమ్మలు చూపించి, ప్రశ్నలుంటే అడగమన్నారు. అడిగాం. "అది చెప్పకూడదు" అన్నారు. మంచిది. తన బదులు నేను సంతకం పెట్టడానికి మా ఆయన రాసిచ్చిన కాగితం ఆయన బయల్దేరకముందే గడువు తీరిపోయింది. దారిలో కనబడ్డవాళ్లు "ఇంకా వెళ్లలేదా?" అని ఎంత ఆశ్చర్యపోయేవారంటే, ఆయన ఉండటమే తప్పన్నట్టు తల దించుకునేవారు.

రహస్యం ఎందుకో నాకూ తెలుసు. ఏ విమానం ఎన్నింటికి లేస్తుందో నాకు తెలిస్తే మా అక్కకి తెలుస్తుంది. మా అక్కకి తెలిశాక శత్రువుకి వేరే గూఢచారులెందుకు? ఆ మాట ఒప్పుకుంటాను.

ఒప్పుకోలేనిది ఇంకొకటుంది.

మూడుసార్లు తారీకు చెప్పారు. మూడుసార్లూ అందరం వెళ్లి సాగనంపాం. మొదటిసారి మా అత్తగారు ఆయన్ని పట్టుకుని వదల్లేదు. రాత్రి తొమ్మిదికి ఆయన తిరిగొచ్చి, ఏదో తప్పు చేసినవాడిలా గుమ్మంలో నిలబడ్డారు. రెండోసారి బస్సెక్కించి, విమానం దాకా తీసుకెళ్లి, దించి పంపించారు. మూడోసారి ఏమైందో ఆయనకే అర్థం కాలేదు. మూడుసార్లూ మా చిన్నది వెక్కి వెక్కి ఏడ్చింది. ఐదేళ్ల పిల్ల. ఏడ్చి ఏడ్చి నిద్రపోయి, లేచేసరికి నాన్న పక్కనే ఉన్నాడు.

మొన్న రాత్రి తొమ్మిది దాటి పది నిమిషాలకి ఫోనొచ్చింది. పదకొండున్నరకి బండి. ఈసారి నిజం. ఆయన బూట్లు కట్టుకుని దాని దగ్గరికి వెళ్లి "నాన్న వెళ్తున్నాడు తల్లీ" అంటే, అది బొమ్మలో తల దూర్చుకుని, "మళ్లీ వస్తావుగా" అని ఇటు కూడా తిరగలేదు. చెయ్యి మాత్రం ఊపింది.

నాన్నా పులి కథలో అబద్ధమాడింది పిల్లాడు. మా ఇంట్లో అబద్ధమాడింది ఎవరు? నువ్వు. అవును, నువ్వే. గారూ లేదు, మహారాజశ్రీ లేదు. మూడుసార్లు ఉత్తుత్తి పులిని తెచ్చి, నిజం పులొచ్చిన రాత్రి ఆ పిల్లకి ఏడుపు కూడా మిగల్చలేదు నువ్వు. నిన్న పొద్దున్న లేచి ఇల్లంతా వెతికింది. మంచం కింద చూసింది. తలుపు పక్కన బ్యాగు లేకపోవడం చూసి అప్పుడు మొదలుపెట్టింది. దాన్ని ఎత్తుకుని ఎంతసేపు తిరిగానో నీ రిజిస్టర్లో రాసుకో. దాని నాన్న అప్పటికి ఏ సముద్రం మీదున్నాడో నాకు తెలీదు. పిల్ల చెయ్యి ఊపేసి ఊరుకుందనే ఆయన మనసులో ఉంటుంది, అదెలా ఏడ్చిందో ఆయనకి తెలీదు.

క్షమించాలి. మళ్లీ అసలు సంగతికి వస్తాను.

అరవై రెండు రోజులు ఆ షేవింగ్ సెట్టు తప్పకుండా బ్యాగులోకి వెళ్లింది. అరవై మూడో రోజు పొద్దున్న ఆయన గడ్డం గీసుకుని, దాన్ని కడిగి అద్దం ముందే పెట్టేసి, "ఇంకెందుకులే, ఇక్కడే ఉండనీ" అన్నారు. తమరు గోడకి చెవి ఆనించి విన్నట్టున్నారు. ఆ రాత్రే ఫోను.

సెట్టు ఇప్పుడు నా దగ్గరుంది. బ్లేళ్లు కొత్తవే. ఎక్కడికి పంపాలో తెలపగలరు. దేశం పేరు వద్దులెండి, పార్సిలు మీద రాయడానికి ఏదో ఒక నంబరు చాలు. ఎప్పుడు చేరుతుందని మాత్రం అడగను. మీరేం చెప్తారో తెలుసు.

ఇట్లు,
తలుపు పక్కన ఖాళీని రోజూ తుడుస్తున్న ఇల్లాలు