ఐడీపీఎల్ లాభాలు పక్కవాళ్ల పద్దుల్లో ఉన్నాయి

ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ (ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్) పేరెత్తితే చాలు, ఖాయిలా పడిన కంపెనీ, ప్రజాధనం దండగ అంటారు. పద్దులు చూస్తే కాదనలేం. అయినా పెట్టిన డబ్బుకు ఎన్నో రెట్లు తిరిగిచ్చిన ప్రభుత్వ ఫ్యాక్టరీ ఏదంటే నేను హైదరాబాద్ బాలానగర్‌లోని ఐడీపీఎల్ వైపే వేలు చూపిస్తాను. కాకపోతే ఆ లాభం దాని బ్యాలెన్స్ షీట్‌లోకి రాలేదు.

కథ తెలిసిందే. సోవియట్ సాయంతో 1961లో సంస్థ పుట్టింది, హైదరాబాద్‌కు సింథటిక్ డ్రగ్స్ యూనిట్ వచ్చింది. అక్కడ పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆయనతో కలిసి కెమినార్ అనే మందుల కంపెనీ నడిపిన మురళి దివి 1990లో దివీస్ మొదలుపెట్టారు. రెడ్డీస్‌లో పనిచేసిన పార్థసారథి రెడ్డి 1993లో హెటిరో పెట్టారు. ఇదంతా, మందుకు కాక దాన్ని తయారుచేసే పద్ధతికే పేటెంట్ ఇచ్చిన 1970 పేటెంట్ చట్టం చలవే అనడం మనకు అలవాటు. చట్టం దేశమంతటికీ ఒక్కటే కదా, మరి బల్క్ డ్రగ్ (మాత్రల్లో వాడే అసలు మందు పదార్థం) కంపెనీలు హైదరాబాద్ చుట్టూ ఇంత దట్టంగా ఎలా మొలిచాయి?

రియాక్షన్ ఎలా జరుగుతుందో జర్నల్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. లీటరు ఫ్లాస్క్ వేడెక్కితే ఐసులో పెడితే సరిపోతుంది. వేల లీటర్ల రియాక్టర్‌లో ఆ పప్పులుడకవు. రియాక్టర్ చుట్టూ ఉన్న జాకెట్‌లో చల్లటి బ్రైన్ (ఉప్పునీళ్లు) తిరుగుతున్నా లోపలి వేడి చెయ్యి దాటిపోతుంది, ఇంప్యూరిటీలు పెరుగుతాయి, బ్యాచ్ మొత్తం పారబోయాలి. రెండో పదార్థాన్ని ఎంత నెమ్మదిగా వదలాలో, ఎప్పుడు ఆపాలో నైట్ షిఫ్టుల్లో బ్యాచ్‌లు చెడగొట్టుకున్న కెమిస్టుకే తెలుస్తుంది. ఆ చెడగొట్టుకునే ఖర్చును ఐడీపీఎల్ భరించింది. నేర్చుకున్నవాళ్లు జీడిమెట్ల, బొల్లారం పారిశ్రామికవాడల్లోని ప్రైవేటు షెడ్లకు వెళ్లిపోయారు. ఉత్పాదకత పెరగడమంటే నా దృష్టిలో ఇదే.

నేర్చినవాళ్లు ఇలా పోతుంటే ఏ కంపెనీ మాత్రం ఎందుకు నేర్పుతుందని అడిగేవాళ్లున్నారు. సబబైన ప్రశ్నే. ఈ ఎదుగుదల తెచ్చిన కాలుష్యానికి పటాన్‌చెరు చెరువులు బలైన మాటా నిజమే. కానీ మనుషుల్ని కట్టిపడేస్తే రెడ్డీస్, హెటిరో లాంటివి పుట్టవు, మిగిలేది ఒక్క ఐడీపీఎల్ మాత్రమే. ఉద్యోగం మానేశాక ఫలానా వ్యాపారం చేయకూడదనే ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. బ్రిటిష్ వాళ్లు రాసిన ఆ నాలుగు ముక్కలు మన ఫార్మాకు చేసిన మేలు ఏ పారిశ్రామిక విధానమూ చేయలేదంటాను, కాస్త ఎక్కువ చెప్పినట్టున్నా సరే.

ఇప్పుడు చేస్తున్నదేమిటి? కంపెనీలతో ప్రభుత్వానికి ఎంఓయూ (అవగాహన ఒప్పందం) అయిన ప్రతిసారీ ఎన్ని వేల కోట్లు, ఎన్ని ఉద్యోగాలు అనే రెండు అంకెలే హెడ్డింగ్. 2020లో తెచ్చిన పీఎల్ఐ (ఉత్పత్తితో ముడిపెట్టిన ప్రోత్సాహకాల పథకం) ప్రోత్సాహకం ప్రధానంగా అమ్మకాలను చూసి ఇస్తారు. అవతల సంఘటిత ఫ్యాక్టరీల్లో పదిమంది కార్మికుల్లో సుమారు నలుగురు కాంట్రాక్టు వాళ్లే. ఏడాది తిరక్కుండా గేటు బయట పడేవాడికి రియాక్టర్ గుట్టు ఎవరు చెబుతారు? చెప్పినా వాడు దాన్ని ఎక్కడికి తీసుకెళ్తాడు? పరిశోధనకు జీడీపీలో 0.64 శాతమే పెడుతున్నామని వాపోతాం గానీ, అంతకంటే పెద్ద నష్టం ఈ లేబర్ కాంట్రాక్టర్ల రిజిస్టర్లలో జరుగుతోంది.

ఒకప్పుడు ఋషికేశ్ ఐడీపీఎల్‌లో యాంటీబయాటిక్స్ తయారుచేసిన దేశం మనది. చైనా సరుకు చౌకగా వస్తోందని ఆ విద్యను వదిలేశాం. యాంటీబయాటిక్స్‌కు ముడిసరుకైన పెన్సిలిన్-జి కోసం ఇప్పుడు పీఎల్ఐ డబ్బుతో కాకినాడలో మళ్లీ ఫెర్మెంటర్లు (సూక్ష్మజీవులను పులియబెట్టే పెద్ద ట్యాంకులు) కట్టించుకున్నాం. ఇలాంటి ప్లాంట్లకు తర్వాతి విడత ప్రోత్సాహకం విడుదల చేసేటప్పుడు అమ్మకాల లెక్కతో పాటు, పర్మనెంట్ రోల్స్‌లో ఎంతమందికి ప్రాసెస్ నేర్పారన్న లెక్క కూడా అడగాలి.