స్టీరింగ్ ప్లే గారికి, ఖాళీ చెయ్యమని నోటీసు

గౌరవనీయులైన స్టీరింగ్ ప్లే గారికి,

విజయవాడ నుంచి నమస్కారాలు. స్టీరింగ్ తిప్పినా టైర్లు కదలకుండా వృథాగా పోయే ఆ వదులే తమరు. 1948 నాటి మా ఎంజీ టీసీ అనే ఇంగ్లిషు స్పోర్ట్స్ కారులో, నా చేతికీ ముందు టైర్లకీ మధ్య ఎక్కడో, తమరు చాలా ఏళ్లుగా అద్దె కట్టకుండా కాపురం ఉంటున్నారు. 'ఎక్కడో' అనక తప్పడం లేదు. తమరి అడ్రసు ఊళ్లో ఒక్కో మెకానిక్ ఒక్కో రకంగా చెబుతున్నాడు. రిజిస్టర్డ్ పోస్టులో పంపితే తిరిగొచ్చేలా ఉందని ఇలా బహిరంగంగా రాస్తున్నాను.

ముందు తమరి ఘనత చెప్పుకోవాలి. నేను స్టీరింగ్ ఎడమకి తిప్పుతాను. తమరు వింటారు. పరిశీలిస్తామంటారు. ఇంకాస్త తిప్పితే సూత్రప్రాయంగా ఒప్పుకుంటారు. ఈ లోపు బందరు రోడ్డు మీద నా ముందున్న ఆటో మూడు నిర్ణయాలు తీసుకుని మూడూ అమలు చేసేసి ఉంటుంది. తీరా టైరు కదిలాక నేనడిగినదానికంటే ఎక్కువ తిరుగుతుంది. సరిదిద్దుదామని కుడికి తిప్పుతాను. మళ్లీ పరిశీలన. పక్కసీట్లో కూర్చున్న మా బావ రామవరప్పాడు రింగు దాకా ఓర్చుకుని, "రోడ్డు ఖాళీగానే ఉందిగా బావా, ఎవర్ని తప్పిస్తున్నావ్?" అని అడిగాడు. నేను ఎవర్నీ తప్పించడం లేదు. తిన్నగా వెళ్లాలని ప్రయత్నిస్తున్నాను.

ఇందులో కారు చేసినవాళ్ల తప్పేమీ లేదని ముందే రాసిపెడుతున్నాను. ఇంగ్లండులోని అబింగ్డన్ అనే ఊళ్లో 1945 నుంచి 1949 దాకా ఇలాంటివి సుమారు 10,000 తయారుచేశారు. 1250 సీసీ ఇంజను, 19 అంగుళాల ఊచల చక్రాలు, వాటికి సన్నటి టైర్లు. స్టీరింగ్‌ని ఒక చివర నుంచి రెండో చివరకి తిప్పడానికి చుట్టున్నర, ఆపైన కాస్త చాలు. ఇప్పటి కార్లకి దాదాపు మూడు చుట్లు కావాలి. అంటే ఇందులో చెయ్యి కొంచెం కదిపితేనే బండి చాలా తిరుగుతుంది. ఆ రోజుల కుర్రకారు మోజుపడింది కూడా అందుకే. అయితే ఆ లెక్కే తమరికి కలిసొచ్చింది. మామూలు కారులో రెండంగుళాల ప్లే చేసే చెరుపు ఇక్కడ అంగుళంతోనే అయిపోతుంది. తక్కువ పెట్టుబడితో ఎక్కువ నష్టం చెయ్యగల చోటు చూసుకుని మరీ దిగారు.

ప్రభుత్వం కూడా తమరికి అనుకూలంగానే ఉంది. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల రూల్స్ ప్రకారం, యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు ఇస్తారు. మొదటిసారి రిజిస్ట్రేషన్‌కి రూ.20,000, పదేళ్ల తర్వాత మళ్లీ చేయించుకోవడానికి రూ.5,000. ఆ నంబరుతో రోజూ కూరగాయలకి వెళ్లడం కుదరదు. ర్యాలీకో, ప్రదర్శనకో, పెట్రోలుకో, మరమ్మతుకో అయితేనే రోడ్డెక్కాలి. తమరి దయవల్ల నాకా ఇబ్బంది ఏనాడూ రాలేదు. ఏ జంక్షన్లో ఎవరాపి అడిగినా మరమ్మతుకే వెళ్తున్నానని గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలను.

తమరిని ఖాళీ చేయించడానికి నేను తిరిగిన చోట్లన్నీ తమరికి తెలిసినవే, వెంటే ఉన్నారు కాబట్టి. అయినా రికార్డు కోసం రాస్తున్నాను.

మొదటి షెడ్డులో కుర్రాడు బానెట్ ఎత్తి, స్టీరింగ్ బాక్సు మీదున్న స్క్రూ చూసి, "ఇదే సార్, టైట్ చేసేద్దాం" అన్నాడు. పాత బండి స్టీరింగ్ ఆడుతోందని ఎక్కడికి తీసుకెళ్లినా మొదట వినపడే మాట ఇదే. బాక్సు పైన ఆ స్క్రూ పెట్టడం తమరికి వరమైపోయింది. కిందకి దూరక్కర్లేదు, బట్టలు నల్లబడవు, పానా తిప్పితే పని జరిగినట్టే కనపడుతుంది. లోపలి సంగతి వేరు. స్టీరింగ్ కడ్డీ చివర మెలికల గాడి చెక్కిన క్యామ్ ఉంటుంది. ఆ గాడిలో పెగ్ అనే చిన్న ఇనప ముక్క నడుస్తూ, బయటున్న డ్రాప్ ఆర్మ్ అనే కడ్డీని ఊపుతుంది. చక్రాలకి కదలిక అక్కణ్ణుంచే పోతుంది. ఏ బండైనా ఎక్కువ దూరం నడిచేది తిన్నగానే కాబట్టి ఆ గాడి మధ్యలోనే అరుగుతుంది. రెండు చివర్లూ దాదాపు కొత్తగానే మిగులుతాయి. మధ్యలో వదులు పోయేదాకా స్క్రూ బిగిస్తే చివర్లలో పెగ్ పట్టేస్తుంది. సరిగ్గా అదే జరిగింది. పటమటలో మలుపు తిరిగిన బండి మళ్లీ తిన్నగా రావడానికి మొరాయించింది. మలుపయ్యాక స్టీరింగ్ దానంతటదే వెనక్కి రావాలి, నేను బతిమాలి తెచ్చుకున్నాను. అంతకుముందు వదులు ఒక్కటే ఉండేది. ఇప్పుడు వదులుకి బిగుతు తోడైంది. ఆ స్క్రూ మళ్లీ వదులు చేయించడానికి ఇంకో షెడ్డు.

తర్వాత కంప్యూటర్ అలైన్‌మెంట్. ఏసీ గది, గోడకి పెద్ద స్క్రీను. దాని ముందు కూర్చున్నతను కంపెనీల లిస్టు పైకీ కిందకీ జరిపి, "ఎంజీ ఉంది సార్!" అని సంబరపడ్డాడు. ఉంది. దాని కింద హెక్టర్ ఉంది, 1948 టీసీ లేదు. "దగ్గర మోడల్ పెట్టేస్తా" అన్నాడు. ఆ దగ్గర డెబ్బై ఏళ్లు. హెక్టర్‌కి ముందు చక్రాలు దేనికది విడిగా ఊగుతాయి. మా బండికి ఒకే ఇనప యాక్సిల్ అడ్డంగా ఉండి, దాని రెండు చివర్లా చక్రాలుంటాయి. తిప్పి సరిచేసుకోవడానికి అందులో టో ఒక్కటే, అంటే ముందు చక్రాలు రెండూ ఒకదానివైపు ఒకటి ఎంత తిరిగి ఉన్నాయన్నదే, దొరుకుతుంది. అతను టో ఒక్కదాన్నీ ఆకుపచ్చలోకి తెచ్చి, ఎర్రగా ఉన్నవన్నీ "పాత బండి కదా సార్" అని వదిలేసి, ప్రింటు తీసి ఇచ్చాడు. ఆ ప్రింటులో తమరి ప్రస్తావనే లేదు. దాన్ని జేబులో పెట్టుకుని, రోడ్డుకి ఆ అంచూ ఈ అంచూ చూసుకుంటూ ఇంటికొచ్చాను.

టైర్ల షాపాయన టైర్లే కారణమన్నాడు. ఆయన ఇంకేమంటాడు? సగం నిజం లేకపోలేదు. లోపలి దారాలు ఏటవాలుగా ఒకదానిమీదొకటి పరిచిన పాతకాలపు క్రాస్‌ప్లై టైరు సిమెంటు రోడ్డు మీద గీత దొరికితే దాని వెంటే పోతుంది. పైగా నాలుగింట్లో గాలి నాలుగు రకాలుగా ఉంది. గాలి సమం చేశాక కొంచెం మర్యాద వచ్చింది కూడా. కానీ ఆయన అమ్మజూసింది ముందుకి మాత్రం రెండు రేడియల్స్, అంటే ఇప్పటి కార్లకుండే రకం టైర్లు. ముందు రేడియల్, వెనక క్రాస్‌ప్లై వేస్తే మలుపులో వెనక భాగం ముందుదానికంటే త్వరగా పట్టు వదిలేస్తుంది. ఆ జోడీ అస్సలు వేయకూడదు. తమరితో పడుతున్నది చాలక ఆ ముచ్చట కూడా ఎందుకని దండం పెట్టి వచ్చేశాను.

అసలు గుట్టు ఆటోనగర్‌లో, లారీలు బాగుచేసే షెడ్డులో తేలింది. అక్కడి పెద్ద మేస్త్రి టీ గ్లాసు పట్టుకుని బండి చుట్టూ తిరిగి, వంగి కిందకి చూసి, "స్పోర్ట్స్ కారన్నారేంటండీ, ఇది చిన్న లారీ కదా" అన్నాడు. బండి తరపున నేను చిన్నబుచ్చుకున్నాను గానీ ఆయనన్నది అక్షరాలా నిజం. ఇనప యాక్సిల్, కమానుకట్టలు, ముందు చక్రాలు పక్కకి తిరగడానికి ఇరుసుగా ఉండే కింగ్‌పిన్‌లు, డ్రాప్ ఆర్మ్ కదలికని చక్రానికి చేర్చే డ్రాగ్ లింక్, రెండు ముందు చక్రాల్నీ కలిపే టై రాడ్. దొరలు తోలు సీట్లూ మడిచే టాపూ పెట్టి మురిపించారు గానీ, కింద పడుకుని చూస్తే ఆటోనగర్‌లో పొద్దున్న లేస్తే విప్పే సరుకే. కార్ల మెకానిక్‌లు ఎప్పుడో మర్చిపోయిన ఈ భాగాలకి అక్కడ సందుకో వైద్యుడున్నాడు. విజయవాడలో పాత స్పోర్ట్స్ కారున్నవాడు కార్ల షెడ్ల చుట్టూ తిరగడం డబ్బు దండగ అని నా అభిప్రాయం.

మేస్త్రి స్క్రూ జోలికే పోలేదు. చక్రాలు నేల మీద ఉండగానే నన్ను సీట్లో కూర్చోబెట్టి, స్టీరింగ్ అటూ ఇటూ కొద్దికొద్దిగా ఆడిస్తూ ఉండమని తను కిందకి దూరాడు. ఒక్కో జాయింటు మీద అరచెయ్యి పెట్టి చూశాడు. జాయింటుకి ఇటువైపు కదిలి అటువైపు కదలకపోతే తమరు అక్కడున్నట్టు. కింద నుంచి తమరి ఆస్తుల చిట్టా వినపడసాగింది. బాక్సులో కొంచెం. డ్రాగ్ లింక్ ఒక చివర కొంచెం. రెండో చివర ఇంకాస్త. టై రాడ్ ఎండ్‌లో కొంచెం. బాక్సుని ఛాసిస్‌కి పట్టి ఉంచే బోల్టులు వదులై, స్టీరింగ్ తిప్పినప్పుడల్లా టైరు కంటే ముందు బాక్సే కదులుతోందిట. ఆ తర్వాత జాకీ ఎత్తి, టైరుని పైనా కిందా పట్టుకుని ఊపాడు. ఆడింది. హెల్పర్ని బ్రేకు తొక్కి ఉంచమని మళ్లీ ఊపాడు. బ్రేకు తొక్కగానే ఆట ఆగితే బేరింగు, ఆగకపోతే కింగ్‌పిన్. ఆగలేదు.

అప్పుడర్థమైంది తమరి రాజనీతి. గవర్నమెంటు ఆఫీసులో ఏడాది నుంచి తేలని ఫైలు ఏ ఒక్క బల్ల దగ్గరా ఏడాది ఆగి ఉండదు. ఒక్కో బల్ల దగ్గర నాలుగు రోజులు, అంతే. ఏ గుమాస్తాని అడిగినా నా దగ్గరేం ఆలస్యం కాలేదండీ అని నిజాయితీగా చెప్పగలడు. తమరి పద్ధతీ అదే. ఎక్కడా నేరం మోపేంత లేరు. డ్రాగ్ లింక్‌ని నిలదీస్తే తన దగ్గరున్నది వెంట్రుకవాసి అంటుంది, కింగ్‌పిన్ తనకంటే బాక్సే ఎక్కువ అంటుంది. అందరి వాటాలూ నా చేతి దగ్గర కలిస్తే అరచెయ్యి వెడల్పు. ఒకచోట బిగిస్తే పక్క జాయింటులో తేలే విద్య ఒకటి. అది మన నాయకులు తమరి దగ్గర నేర్చుకున్నారో, తమరే వాళ్ల దగ్గర నేర్చుకున్నారో, ఎన్నికల ముందు అడగడం బాగోదు.

తమరికో తోడుదొంగ కూడా పట్టుబడ్డాడు. కింగ్‌పిన్ పై కొన కాస్త వెనక్కి వాలి ఉండాలి. ఆ వాలు ఉంటేనే చెయ్యి వదిలినా చక్రాలు తిన్నగా రావాలని చూస్తాయి. ఆ వాలు సర్దడానికి ఏ కాలంలోనో ఎవరో యాక్సిల్‌కీ కమానుకట్టకీ మధ్య ఏటవాలు ప్లేట్లు పెట్టారు. రెండూ తిరగేసి పెట్టారు. పెరగాల్సిన వాలు తగ్గింది. తమరు సకుటుంబంగా వెళ్లిపోయినా ఆ ప్లేట్లు అలా ఉన్నంతకాలం బండి తూలుతూనే ఉండేది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు చూడండి, అది. వెనక కమానుకట్టల యూబోల్టులు కూడా వదులేనట. అంటే వెనక యాక్సిల్ కూడా తనకి తోచిన దిక్కుకి బండిని నడుపుతోందన్నమాట. డ్రైవరు నేనొక్కడినే కాననే అనుమానం నాకు మొదట్నుంచీ ఉంది.

ఇక జప్తు కార్యక్రమం. కింగ్‌పిన్‌లకి లేత్ వర్క్స్‌లో గన్‌మెటల్ బుష్‌లు, అంటే పిన్ను తిరిగే లోహపు గొట్టాలు, చేయించి, పైదీ కిందదీ ఒకే వరసలో ఉండేలా రంధ్రాలకి రీమర్ కొట్టి నునుపు చేయించారు. అవి వదులైతే తమరొస్తారు, బిగుతైతే చక్రం వెనక్కి రాదు. రెండింటికీ మధ్య ఉన్న సందు టర్నర్ వేళ్లకి తప్ప ఎవరికీ తెలీదు. గ్రీజు కూడా జాకీ ఎత్తే కొట్టారు. బండి బరువు చక్రాల మీదుండగా కొడితే అది అసలు అరిగే చోటికి చేరదట. బాల్ జాయింట్లు మార్చారు, బోల్టులు బిగించారు, ప్లేట్లు సరిగ్గా తిప్పి పెట్టారు. బాక్సులో పెగ్ కొత్తది వేసి, మూత కింద షిమ్‌లనే పల్చటి రేకులు ఒక్కొక్కటే తీస్తూ, తీసిన ప్రతిసారీ స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి చూశారు. టో కోసం కంప్యూటరుకి పోలేదు. టైర్ల మీద సుద్దగీతలు గీసి, ముందు వైపు కొలిచి, ఆ గీతలు వెనక్కొచ్చేలా బండి తోసి మళ్లీ కొలిచారు.

తమరిని పూర్తిగా వెళ్లగొట్టాలని నేను పట్టుబట్టాను. మేస్త్రి ఒప్పుకోలేదు. "మొత్తం తీసేస్తే మలుపులో పట్టేస్తుందండీ. స్టీరింగ్ అంచు దగ్గర అంగుళం ఉండనివ్వండి" అన్నాడు. ఆయన మాట మీద గౌరవంతో తమరికి ఆ అంగుళం వదిలేస్తున్నాను. షరతులు ఇవీ. అది బాక్సులోనే ఉండాలి. డ్రాగ్ లింక్‌కో, కింగ్‌పిన్‌కో, బోల్టులకో సబ్‌లీజుకి ఇవ్వకూడదు. గ్రీజు కొట్టినప్పుడల్లా మేస్త్రి అరచెయ్యి తనిఖీకి వస్తుంది, తలుపు తియ్యాలి. వాలు పెరిగింది కదా అని, స్పీడులో స్టీరింగ్‌ని గజగజలాడించే షిమ్మీ అనే తమరి చుట్టాన్ని తెచ్చి దించకూడదు. దించితే ఆ అంగుళం కూడా రద్దు.

ఇట్లు,
బండి తనదేనని నమ్ముతున్న ఒక విజయవాడ వాసి