మొదటి రీలు

చెన్నైలో మన తెలుగు సంఘం ఉగాది సభ నాటి సాయంత్రం ఏం జరిగిందో మీలో చాలామంది చూశారు. రానివాళ్ల కోసం చెబుతున్నాను. ఈసారి కవి సమ్మేళనం గంటకు కుదించి, వడపళనిలో తీసిన ఒక పాత తెలుగు సినిమా వేద్దామని కమిటీలో పట్టుబట్టింది నేనే. దానికి కారణం ఉంది. సాలిగ్రామంలో ఉండే మన పెద్దాయన ఒకరు ఆ సినిమాకు ఎడిటింగ్ రూములో అసిస్టెంటుగా పనిచేశారు. అరవైల చివర్లో వచ్చిన నలుపు తెలుపు సాంఘిక చిత్రం. టైటిల్స్‌లో ఎడిటర్ పేరు కింద చిన్న అక్షరాల్లో మూడు పేర్లుంటాయి, మూడోది ఆయనది. నేను ఆయన్ని బాబాయిగారు అంటాను. ఇప్పుడు ఆయనకు 84 ఏళ్లు. తాతయ్య పేరు తెర మీద చూడాలని మనవలిద్దరూ వాళ్లమ్మతో కలిసి బెంగళూరు నుంచి పొద్దున రైలుకే దిగారు.

ప్రింటు కోసం నెల రోజులు తిరిగాం, దొరకలేదు. డీవీడీ కూడా లేదు. చివరికి ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన కాపీ దించుకొచ్చాం. బొమ్మ, మాట సరిగ్గా వస్తున్నాయా అని మధ్యలో పది నిమిషాలు చూశాను తప్ప మొదటి నుంచి చూడలేదు. ఆ తప్పు నాది.

లైట్లు ఆర్పారు. సినిమా మొదలవడమే కథానాయిక తులసికోటకు నీళ్లు పోస్తున్న సీనుతో మొదలైంది. టైటిల్స్ లేవు. ఎప్పుడో టీవీ కోసం నిడివి తగ్గించిన టేపు అది. పక్క మూలన ఏదో ఛానల్ గుర్తు. వెడల్పు తెరకు సరిపోవాలని బొమ్మను సాగదీశారు, మొహాలన్నీ ఉబ్బిపోయాయి. అందరికీ నోటికొచ్చిన పాటలో రెండో చరణం లేదు. హాల్లో వెనక వరసలవాళ్లు ఆ చరణం పాడుకోబోయి ఆగిపోయారు.

చిన్న మనవరాలు గంటన్నర ఓపిగ్గా కూర్చుని, "తాతయ్యా, మీ పేరు ఎప్పుడొస్తుంది?" అని అడిగింది. ఆయన జవాబు చెప్పలేదు. సినిమా అయ్యాక నేను దగ్గరికి వెళ్లి క్షమించమన్నాను. "మొదటి రీలు లేదమ్మా" అన్నారు, అంతే. ఆ తర్వాత మనం మామూలుగానే వేదిక మీదకు పిలిచి ఆయనకు శాలువా కప్పాం, జ్ఞాపిక ఇచ్చాం, ఫొటో తీసుకున్నాం. ఆ ఫొటో ఈ సంచికలోనే ఉంది. చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటోంది.

ఇంటికి వెళ్లి అమ్మ ట్రంకు పెట్టె తెరిచాను. అమ్మకు థియేటర్ బయట అమ్మే పాటల పుస్తకాలంటే ప్రాణం. సినిమాకు వెళ్తే సోడా అయినా మానుకునేది కానీ పాటల పుస్తకం కొనకుండా వచ్చేది కాదు. కలరా ఉండలు వేసి, ఏటా ఎండబెట్టి, మళ్లీ సర్దేది. నాన్న పాతపేపర్ల వాడికి వెయ్యమని ఎన్నిసార్లు అన్నా వినలేదు. ఆ సినిమా పుస్తకం దొరికింది. నటీనటులు, సంగీతం, ఛాయాగ్రహణం, ఎడిటింగ్ అన్నీ ఉన్నాయి. అసిస్టెంట్ల పేర్లు మాత్రం లేవు. ఆ మూడు పేర్లు ఉన్నది ఆ రీలులోనే.

అందుకని వదలకుండా వెతికాను. నిర్మాతగారి అబ్బాయి నంబరు దొరికింది. (సినిమా పేరు రాయడం లేదు. ఆ కుటుంబాన్ని నొప్పించడం నాకు ఇష్టం లేదు, వాళ్ల తప్పు కూడా కాదు.) నెగెటివ్ ఏళ్ల తరబడి ఫిల్మ్ కడిగే ల్యాబులోనే ఉండేదట. డిజిటల్ వచ్చాక ల్యాబు మూతపడింది, డబ్బాలు తీసుకెళ్లమని ఫోను చేశారట. రెండు గదుల ఫ్లాటులో ఎక్కడ పెట్టాలి? కింద కారు నిలిపే చోట ఓ మూల పెట్టించారు. నన్ను తీసుకెళ్లి చూపించారు. తుప్పు పట్టిన మూత స్క్రూడ్రైవరుతో తీయగానే గుప్పుమని వెనిగర్ వాసన. అసిటేట్ ఫిల్మ్ చెడిపోతే వచ్చే వాసన అదేనని బాబాయిగారు తర్వాత చెప్పారు. వేడికీ తేమకూ అది త్వరగా చెడుతుంది, ఒక డబ్బాలో మొదలైతే పక్కవాటికీ అంటుకుంటుంది. చెన్నైలో వేడికీ తేమకూ కొదవేముంది? లోపల ఫిల్మ్ చుట్టలు చుట్టలుగా కాక, బెల్లం అచ్చులా ఒకటే ముద్దగా ఉంది. ఆ అబ్బాయికి అరవై దాటాయి. మూత మళ్లీ పెట్టేసి, "నాన్నగారు ఇల్లు తాకట్టు పెట్టి తీశారండీ దీన్ని" అన్నారు.

సినిమాకు ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేను అనను. సినిమా రంగం పరిస్థితి చూడమని కేంద్రం వేసిన ఎస్.కె. పాటిల్ కమిటీ 1951లో నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత 1960లో ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్, పుణేలో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, 1964లో అక్కడే జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ వచ్చాయి. మన వైపు, ఆంధ్రప్రదేశ్‌లో, అదే 1964లో నంది అవార్డులు, 1975లో రాష్ట్ర చలనచిత్ర అభివృద్ధి సంస్థ మొదలయ్యాయి. రాష్ట్రంలో తీస్తే సబ్సిడీ, పన్నులో రాయితీ అన్నారు. తెలుగు సినిమా మద్రాసు వదిలి హైదరాబాదులో స్థిరపడటానికి ఆ రాయితీలు ఎంత కారణమో ఇక్కడి పాతవాళ్లకు తెలుసు. మన ఇళ్లలో ఎన్ని కుటుంబాలు ఆ తర్వాతి ఏళ్లలో సామాన్లు సర్దుకున్నాయో కూడా తెలుసు. సొంత రాష్ట్రంలో సొంత భాష సినిమా పెరగాలనుకోవడం తప్పు కాదు, నేను తప్పు పట్టను. కానీ మనుషులు వెళ్లారు, చాలా డబ్బాలు ఇక్కడే ఉండిపోయాయి. ల్యాబులు ఇక్కడ కదా. తీయడానికి ఎంత ఇవ్వాలో రెండు రాష్ట్రాలూ లెక్క వేశాయి. తీసినదాన్ని ఎవరు దాచాలన్నది ఏ లెక్కలోనూ లేదు.

విజయా వాహినీ స్టూడియో ఉన్న చోట ఇప్పుడు మాల్, ఆస్పత్రి ఉన్నాయి. జెమినీ స్టూడియో పేరు ఫ్లైఓవరుకు మిగిలింది. స్థలాలు మారతాయి, ఆ దిగులు నాకు పెద్దగా లేదు. బొమ్మ ఉంటే చాలు. 1957 నాటి 'మాయాబజార్'ను ఇక్కడ తెలుగులో, తమిళంలో ఏకకాలంలో తీశారు. అలాంటి సినిమా ఏ రాష్ట్రానిదని అడుగుతారు? తమిళం, తెలుగు మాటలు ఒకే సినిమాలో వినిపించిన 1931 నాటి 'కాళిదాస్' ప్రింటు ఇప్పుడు ఎక్కడా లేదు. అదే ఏడాది వచ్చిన తొలి టాకీ 'ఆలం ఆరా' కూడా లేదు.

పాత రీళ్లను ప్రభుత్వాలు దాచాలని నేనంటే, సినిమా నిర్మాత సొత్తు, దాచుకోవాల్సింది ఆయనే, మన పన్ను డబ్బులెందుకని కమిటీలో ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పుస్తకం కూడా ప్రచురణకర్త సొత్తే కదా. అయినా 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం కాపీ ఎగ్మూరులోని మన కన్నెమెరా లైబ్రరీకి రావాలి. సినిమాకు అలాంటి చట్టం లేదు. సెన్సారుకు మాత్రం చూపించక తప్పదు.

ప్రభుత్వం చేతిలో మాత్రం భద్రమా అని ఇంకొకరన్నారు. 2003 జనవరిలో పుణే ఆర్కైవ్ గోదాము అంటుకుని ఇట్టే అంటుకునే పాత నైట్రేట్ ఫిల్మ్ రీళ్లు కాలిపోయిన మాట నిజమే. అందుకే అన్నీ ఒకే చోట ఉండకూడదంటున్నాను. తర్వాత కేంద్రం 597 కోట్ల రూపాయలతో జాతీయ ఫిల్మ్ హెరిటేజ్ మిషన్ మొదలుపెట్టింది, పాత సినిమాలను బాగుచేయిస్తోంది. మంచి పని. కానీ కారు పక్కన పడి ఉన్న డబ్బాను పుణే దాకా మోసుకెళ్లే ఓపిక, డబ్బు ఏ వారసుడికి ఉంటాయి?

ఫ్రాన్సులో 1946 నుంచి సినిమా కోసం ప్రత్యేకంగా సీఎన్‌సీ అనే సంస్థ ఉంది. అక్కడ ప్రతి టికెట్ మీద 10.72 శాతం పన్ను దానికి వెళ్తుంది, కొత్త సినిమాలకు సాయం, పాత సినిమాల సంరక్షణ రెండూ అది చూస్తుంది. మనం వంద రూపాయలు దాటిన టికెట్ మీద 18 శాతం జీఎస్టీ కడుతున్నాం. అందులో ఒక్క శాతం రీళ్లు చెడకుండా దాచే చల్లని గదికి పోకూడదా?

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. పూనమల్లి దగ్గర 500 కోట్లతో కొత్త ఫిల్మ్ సిటీ కడతామని తమిళనాడు ప్రభుత్వం 2024లో ప్రకటించింది. షూటింగ్ ఫ్లోర్లతో పాటు అందులో రీళ్లు దాచే శీతల గది ఒకటి కట్టమని అడుగుదాం. తెలుగు రాష్ట్రాలు రెండూ అందులో వాటా పెట్టాలని అడుగుదాం. తెలంగాణ 2025లో గద్దర్ అవార్డులు ఇచ్చింది. నంది అవార్డులు మళ్లీ ఇవ్వాలని ఆంధ్రలో ఎందరో కోరుతున్నారు. ఆ అవార్డుల వేదిక ఖర్చులో కొంత చాలు. ఇక కొత్త సినిమాకు సబ్సిడీ ఇస్తే, ఒక కాపీ ఆర్కైవుకు అప్పగించాకే ఆఖరి వాయిదా విడుదల చేయాలి. హార్డ్ డిస్కు కూడా ఊరికే పెడితే పాడవుతుంది, నిన్నటి సినిమాలకూ ఇదే గతి పడుతుంది.

వచ్చే నెల సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం పెడుతున్నాను. దయచేసి రండి. వార్షికోత్సవానికి తారలను పిలిచే ఖర్చు మీద మనం రెండు గంటలు వాదించుకుంటాం. దీనికి పదిహేను నిమిషాలు ఇవ్వండి. మీ ఇంట్లో అటక మీద, మెట్ల కింద రేకు డబ్బాలుంటే మూత తీయకండి, పారేయకండి, మాకు ఫోను చేయండి.

మొన్న బాబాయిగారింటికి వెళ్లాను. ఉగాది ఆహ్వానపత్రం వెనక ఆ సినిమా టైటిల్స్ వరసగా తన చేత్తో రాసి పెట్టారు, ఏ కార్డు తర్వాత ఏ కార్డో కూడా. తన పేరు రాసుకున్నారు. దాని పైన ఉండాల్సిన రెండో అసిస్టెంటు పేరు దగ్గర ఖాళీ వదిలారు. నెల్లూరు నుంచి వచ్చిన కుర్రాడట, సన్నగా ఉండేవాడట, కృష్ణా అని పిలిచేవారట, ఇంటిపేరు ఎంతకీ గుర్తు రావడం లేదు. ఆ కాగితం సంఘం ఆఫీసులో ఉంచాను. అరవైల్లో వడపళని ఎడిటింగ్ రూముల్లో పనిచేసినవాళ్లు మీ ఇళ్లలో ఉంటే ఒకసారి తీసుకువచ్చి చూపించండి.