మాత్ర ముందా, పంటి నొప్పి ముందా?

తిరుపతి బైరాగిపట్టెడలో ఒక ఇల్లు. మేధో వైకల్యం, ఆటిజం రెండూ ఉన్న 11 ఏళ్ల బాబు నెల రోజులుగా చెంప వాచేలా కొట్టుకుంటున్నాడు. మానసిక వైద్యులు రిస్పెరిడోన్ అనే మాత్ర రాశారు. తల్లి వేస్తానంటోంది, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో పాఠాలు చెప్పే తమ్ముడు వద్దంటున్నాడు.

తమ్ముడు: అక్కా, వాడు కొట్టుకునేది ఎప్పుడూ కుడి చెంపనే, ఇడ్లీ సైతం ఎడమ పక్కనే నములుతున్నాడు. మాటలు రాని బిడ్డకు పన్నో చెవో పోటెత్తితే ఇంకెలా చెప్పుకుంటాడు? అది చూడకుండా మాత్ర వేస్తే మగతకు ఏడుపు ఆగుతుందేమో గానీ నొప్పి లోపలే ఉండిపోతుంది.

అక్క: నువ్వు చూసేది పగలు. రాత్రి రెండింటికి వాడి చేతులు పట్టుకుని కూర్చునేది నేను. ఆటిజం ఉన్న 101 మంది పిల్లలపై జరిపి 2002లో అమెరికాలో ప్రచురించిన ఎనిమిది వారాల పరీక్షలో, ఈ మందు తీసుకున్నవారిలో 69 శాతం మందికి చిరాకు, తమను తాము గాయపరచుకోవడం వంటివి బాగా తగ్గాయి. మందులేని మాత్ర తీసుకున్నవారిలో 12 శాతం మందికే తగ్గాయి. 2006లో అక్కడ 5 నుంచి 16 ఏళ్ల వారికి దీనిని అనుమతించారు కూడా.

తమ్ముడు: అదే పరీక్షలో ఆ పిల్లలు సగటున 2.7 కిలోల బరువు పెరిగారు. మన నాన్నకూ, పెదనాన్నకూ షుగర్ ఉన్న సంగతి మరిచావా?

అక్క: మరవలేదు. నెలనెలా తూకం వేయిస్తాను, రక్తపరీక్షలు చేయిస్తాను. మందుతో వాడికి తెలివి పెరుగుతుందని నేను ఆశపడడం లేదు. నీ దగ్గర పది నిమిషాలు కుదురుగా కూర్చుని, బొమ్మల కార్డుల్లో ఆకలో నొప్పో వేలితో చూపించగలిగితే చాలు. ఆ కుదురు లేనిదే నీ పాఠం మాత్రం ఎలా ఎక్కుతుంది?

తమ్ముడు: ఆ మాట ఒప్పుకుంటాను. అయితే ఎప్పుడు ఆపాలో చీటీలో రాశారా? ఆరు వారాల్లో గుణం కనిపించకపోతే ఆపాలని ఇంగ్లండులో 2015లో ఇచ్చిన వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎందుకు మొదలైందో ఎవరికీ గుర్తులేని మందును ఏళ్ల తరబడి మింగుతున్న పిల్లలను నేను చూస్తున్నాను.

అక్క: రాయలేదు, అడుగుతాను. రేపు పొద్దున్నే పళ్ల డాక్టరు దగ్గరికి వెళదాం, నువ్వూ రావాలి. పన్ను నయమయ్యాక వారం ఆగుతాను. అప్పటికీ రాత్రులు ఇలాగే ఉంటే మాత్ర వేస్తాను, నన్ను ఆపకు.

తమ్ముడు: ఆపనని మాట ఇవ్వలేను. ఏ రాత్రి ఎన్నిసార్లు కొట్టుకున్నాడో మాత్రం రాసి పెట్టు.

అక్క: గోడ మీది దేవస్థానం క్యాలెండరు చూడు. నిన్నటి గడిలో 14 గీతలున్నాయి.