బురద అనకండి

మొన్న ఇక్కడ న్యూజెర్సీలో మన తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో పంచాంగ శ్రవణం అయ్యాక, భోజనాలకు ముందు, ఎప్పటిలాగే పిల్లల సన్మానం జరిగింది. మావాడినీ స్టేజీ మీదకు పిలిచారు. మన రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీ రట్గర్స్‌లో రెండేళ్లు చదివి, నిరుడు ఆగస్టులో బాగా పేరున్న ఒక ప్రైవేటు కాలేజీకి ట్రాన్స్‌ఫర్ అయ్యాడు వాడు. ఆ కాలేజీ పేరు ఇక్కడ రాయను. బాధంతా పేర్ల వల్లే వచ్చింది. వ్యాఖ్యాతగా ఉన్న అన్నయ్య ప్రేమగానే అన్నారు: "స్టేట్ కాలేజీ బురదలోంచి తామరపువ్వులా పైకొచ్చిన మన బాబు!" హాలంతా చప్పట్లు.

మూడో వరుసలో మావాడి పాత రూమ్మేట్ కూర్చుని ఉన్నాడు. మన సంఘం పిల్లాడే, ఇంకా రట్గర్స్‌లోనే చదువుతున్నాడు. వాడూ చప్పట్లు కొట్టాడు. వాళ్లమ్మ ఉగాది పచ్చడి కప్పుల ట్రే పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆ రోజు నాలుగు వందల మందికి పచ్చడి కలిపింది ఆవిడే. ఆ మాట చెవినపడగానే తల దించుకుని, సరిగ్గానే ఉన్న కప్పుల్ని మళ్లీ సర్దడం మొదలుపెట్టింది. మావాడి పక్కన నిలబడ్డ నాకు ఆ తర్వాత స్టేజీ మీద ఏమన్నారో గుర్తులేదు.

ఏది బురద? రట్గర్స్ 1766లో పెట్టిన విద్యాలయం. క్షయ రోగులను బతికించిన స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో కనిపెట్టింది అక్కడి ల్యాబ్‌లోనే, అదీ మట్టిలో ఉండే సూక్ష్మజీవి నుంచి. మా పెద్ద తాతయ్య మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో ఆ సూదులతోనే బతికి ఇంటికొచ్చారు. అంతదాకా ఎందుకు, ఆ హాల్లో కూర్చున్న మనలో ఎక్కువమందికి ఐ-20, అదే స్టూడెంట్ వీసాకి యూనివర్సిటీ ఇచ్చే కాగితం, ఎక్కడినుంచి వచ్చింది? సత్య నాదెళ్ల గారు ఎంఎస్ చేసిన విస్కాన్సిన్ యూనివర్సిటీ మిల్వాకీ క్యాంపస్ కూడా స్టేట్ యూనివర్సిటీయే. మనం రెండు సూట్‌కేసులతో దిగినప్పుడు మనకు గుడిలా కనిపించిన చోటు, మన పిల్లల దగ్గరకొచ్చేసరికి ఇలా ఎలా అయిపోయింది?

ట్రాన్స్‌ఫర్ ఎలా జరిగిందో చెబుతాను. అప్లికేషన్‌లో మిడ్-టర్మ్ రిపోర్ట్ అని ఒక కాగితం ఉంటుంది. ఆ సెమిస్టర్‌లో పాఠం చెప్పే ఒక్కో ప్రొఫెసర్ దగ్గరకూ వెళ్లి, అప్పటికి వచ్చిన గ్రేడు వేయించుకుని సంతకం తీసుకోవాలి. మార్చిలో, మంచు ఇంకా కరగని రోజుల్లో, మావాడు బస్సు మారుతూ కాలేజ్ అవెన్యూకీ బుష్ క్యాంపస్‌కీ మధ్య మూడు రోజులు తిరిగాడు. లెక్కల ప్రొఫెసర్ తన ఆఫీస్ అవర్స్ అయిపోయినా కూర్చోబెట్టి, ఎందుకు వెళ్లాలనుకుంటున్నాడో పూర్తిగా విని, అప్పుడు సంతకం పెట్టారట. సిఫారసు ఉత్తరం కూడా ఆయనే రాశారు. అప్లికేషన్‌తో పంపే వ్యాసాన్ని రాత్రి రెండింటిదాకా కూర్చుని దిద్దింది ఆ రూమ్మేటే. మావాడిని కొత్త కాలేజీకి పంపించినవాళ్లు వీళ్లు.

వెళ్లినందుకు నాకు విచారం లేదు. ఎనిమిది మంది ఉండే క్లాసులో కూర్చుంటున్నాడు, ఇష్టమైన పని చేస్తున్నాడు. కానీ రట్గర్స్‌లో పాసైన కోర్సులకు వచ్చిన 64 క్రెడిట్లలో 45 మాత్రమే కొత్త కాలేజీ ఒప్పుకుంది. మూడో ఏడు కొత్తగా చేరిన పిల్లాడికి స్నేహితులు దొరకడం కూడా తేలిక కాదు. మొదటి సెమిస్టర్ అంతా వాడి ఫోన్లు రాత్రి పన్నెండు తర్వాతే వచ్చేవి.

అయినా మన పార్టీల్లో ఫస్టియర్ పిల్ల కనబడితే చాలు, "ట్రాన్స్‌ఫర్ ట్రై చేయట్లేదా అమ్మా?" అని అడుగుతాం. పక్కనున్న ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ 1990 నుంచి 2018 దాకా ట్రాన్స్‌ఫర్లే తీసుకోలేదు. మళ్లీ మొదలుపెట్టిన ఏడాది 13 మందికి సీటిచ్చింది. అంత సన్నని తలుపు చూపించి, అందులోంచి దూరనివాళ్లంతా బయటే మిగిలిపోయినట్టు మాట్లాడటం అన్యాయం.

ర్యాంకుల పిచ్చి అని మనల్ని మనం తిట్టుకోవడం నాకు నచ్చదు. నా ఎంసెట్ ర్యాంకు కార్డు మా నాన్న చొక్కా జేబులో నెల రోజులు ఉంది. పొలం లేని బడిపంతులికి కూతురి ర్యాంకే ఆస్తి. టీకొట్టు దగ్గర ఆగి, మడత విప్పి చూపించేవారు. ఆ చొక్కా తలుచుకుంటే ఇప్పటికీ నాకు కళ్లు చెమరుస్తాయి. రెండేళ్ల తర్వాత తమ్ముడికి ర్యాంకు రాలేదు. ఆ ఏడాదంతా నాన్న టీకొట్టు దారి మానేసి, చెరువుగట్టు మీదుగా చుట్టూ తిరిగి బడికి వెళ్లారు. తమ్ముడు ఆయన వెనక్కి చూడకుండా వెళ్లడం కిటికీలోంచి చూసేవాడు. తలుపు దగ్గర ట్రే పట్టుకున్న ఆ వదినగారిని చూసినప్పుడు నాకు ఆ చెరువుగట్టే గుర్తొచ్చింది.

కార్యవర్గాన్ని చేతులు జోడించి అడుగుతున్నాను. వచ్చే ఉగాదికి కాలేజీలో ఉన్న మన పిల్లలందరినీ పిలవండి. పేరు, చదువుతున్న విషయం చదవండి, చాలు. ట్రాన్స్‌ఫర్ అయిన పిల్లలుంటే రెండు కాలేజీల పేర్లూ ఒకే గొంతుతో చెప్పండి. జాబితా రాసే పని నాకివ్వండి. అందులో మొదటి పేరు ఆ రూమ్మేట్‌ది రాస్తాను.