అది ఊసరవెల్లి కాదండీ, తొండ

పెరట్లో తల ఎర్రబడి కనిపించే జీవి ఊసరవెల్లి అనీ, దానికి విషం ఉంటుందనీ వ్యాసంలో రాశారు. రెండూ తప్పే. అది మన తొండ. 1802లో ఒక ఫ్రెంచ్ శాస్త్రవేత్త దానికి 'వెర్సికలర్' అని, అంటే రకరకాల రంగులది అని పేరు పెట్టాడు. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందని సామెత ఉంది కానీ, ఎంత ముదిరినా తొండ తొండే. ఊసరవెల్లికి రెండు కళ్ళూ చెరో వైపు తిరుగుతాయి, తోకతో కొమ్మను చుట్టి పట్టుకుంటుంది.

తల ఎర్రబడేది మగ తొండకే, జతకట్టే కాలంలో. రక్తం తాగుతుందన్న భయం దానివల్లే పుట్టింది. అది తినేది చీమలు, మిడతలు, పురుగులు. మా ప్రహరీ గోడమీద ఒకటి రోజూ ఎండెక్కగానే వచ్చి, ముందుకాళ్ళ మీద లేస్తూ దిగుతూ బస్కీలు తీస్తుంది. ఇంకో మగది అటు వస్తే మెడ నల్లగా, తల ఎర్రగా అయిపోతాయి. అది వెళ్ళిపోయాక కాసేపట్లోనే మళ్ళీ మట్టి రంగు.

పోయిన వానాకాలం మందారం పాదులో ఆడ తొండ గుంత తవ్వి గుడ్లు పెట్టింది. మట్టి కప్పి, మూతితో పొడుస్తూ గట్టిగా అదిమింది. పక్కనే నిలబడి చూశాను, ఒళ్ళు పులకరించింది.

పిల్లలు వీటిని రాళ్ళతో కొడుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. దయచేసి ఆ విషం మాట వ్యాసంలోంచి తీసేయండి.