స్టెంటేసేశారు కదా, ఇంకేటి?

మొన్న గోడ మీది క్యాలెండర్ తీస్తే వెనకనుంచి నాన్న బీపీ మాత్రల షీటు కింద పడింది. ఒక్క మాత్ర కూడా తీయలేదు. నరసన్నపేటలో నేనే కొన్నది. "ఏటి నాన్నా ఇది?" అంటే, "స్టెంటేసేశారు కదమ్మా, ఇంక బీపీ ఎక్కడుంటాది?" అన్నారు. ఆ మంట మీదే ఇది రాస్తున్నాను.

అసలు ఈ 'స్టెంటు' అనే మాటే మా కొంప ముంచేలా ఉంది. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా "గుండెకేనా? మా తోడల్లుడికీ వేశారు, వారానికే పొలం వెళ్ళిపోయాడు" అంటారు. గుండె రక్తనాళాల్లో వేసే స్టెంటు వెడల్పు మూడు, నాలుగు మిల్లీమీటర్లు. నాన్నకి వేసింది అది కాదు మహాప్రభో. గుండెలోంచి పైకి లేచి, చేతికర్ర పిడిలా వంగి, వెన్నెముక పక్కనుంచి కిందికి దిగే బృహద్ధమని ఉంటుంది కదా, దాంట్లో స్టెంట్ గ్రాఫ్ట్ వేశారు. తీగ చట్రానికి గుడ్డ తొడిగిన గొట్టం అది. వెడల్పే మూడు సెంటీమీటర్ల పైన, పొడవు దగ్గర దగ్గర జానెడు. సన్నగా ముడిచి, గజ్జల దగ్గర రక్తనాళంలోంచి ఎక్కించి, చిరుగు ఉన్నచోట విప్పుతారు. ఛాతీ కోయరు. అందుకే అందరికీ చిన్న పనిలా కనిపిస్తుంది.

నాన్నకి ఆ ధమని లోపలి పొర చిరిగి, రక్తం పొరల మధ్యకి దూరింది. డిసెక్షన్ అంటారు. ఆ రాత్రి రెండు రెక్కల మధ్య కత్తితో చీల్చినట్టుందని మెలికలు తిరిగిపోయారు. దగ్గర్లోని ఒక ఆసుపత్రిలో ఈసీజీ బాగుందని చెప్పి, గ్యాస్ ఇంజెక్షన్ పొడిచి పంపేశారు. తెల్లారేసరికి ఎడమకాలు ఐసుముక్కలా అయిపోయింది. శ్రీకాకుళంలో రంగుమందు ఎక్కించి సీటీ తీస్తేగానీ సంగతి తెలీలేదు. అక్కడినుంచి అంబులెన్సులో విశాఖపట్నం. దారిపొడుగునా అమ్మ ఆ కాలు రుద్దుతూనే ఉంది.

చిరుగు గుండెకి దగ్గరగా, పైకి లేచే భాగంలో ఉంటే గంటల మీద ఛాతీ తెరిచి ఆపరేషన్ చేయాలి. నాన్నది కిందికి దిగే భాగంలో. అలాంటివి చాలావరకు బీపీ తగ్గించే మందులతోనే చూస్తారు. కాలికి రక్తం అందట్లేదు కాబట్టి గ్రాఫ్ట్ వేయాల్సొచ్చింది. అంటే అసలు వైద్యం ఆ మాత్రలే! అవే వెళ్ళి క్యాలెండర్ వెనక కూర్చున్నాయి.

ఐసీయూలో నర్సమ్మ గంట గంటకీ వచ్చి "కాళ్ళు కదపండి బాబాయ్" అనేది. కాలికి రక్తం వస్తోందో లేదో చూస్తోందనుకున్నాం. వెన్నుపాముకి రక్తం తెచ్చే చిన్న నాళాలు కూడా ఆ ధమనిలోంచే వస్తాయట. గొట్టం కింద అవి మూసుకుపోతే కాళ్ళు పడిపోవచ్చట. ఆ మాట తెలిశాక, బొటనవేలు కదిలినప్పుడల్లా అమ్మ అరసవల్లి వైపు తిరిగి దండం పెట్టడమే.

ఇంత గండం గడిచి ఇంటికొస్తే ఒక్కరైనా బీపీ ఎంతుందని అడిగారా? "ఎంతయింది? కార్డు మీద అయిపోయిందా?" ఇవే ప్రశ్నలు. గొట్టం ఉన్నది జానెడు మేరే. దాని పైనా కిందా ఉన్నది ఆ పాత గోడే, దాన్ని కొట్టేదీ ఆ పాత బీపీయే. గొట్టం అంచుల్లోంచి రక్తం కారొచ్చు, గొట్టం జరగొచ్చు. అందుకే నెల తిరిగాక ఒక సీటీ, ఏడాది తిరిగాక ఒక సీటీ, ఆ తర్వాత కూడా ఏటేటా చూపించుకోమన్నారు. అన్నారంటే నోటితో కాదు. డిశ్చార్జి కాగితంలో ఆఖరి వరసలో, ఇంగ్లీషులో. మా నాన్న ఐదో తరగతి. తెలుగులో నాలుగు ముక్కలు రాసిస్తే ఎవరి సొమ్ము పోయింది?

చదువు లేక ఇలా చేస్తున్నారని మా పిన్ని అంటుంది. ఈ డిసెక్షన్లని రకాలుగా విడదీసి చెప్పిన అమెరికా సర్జన్ మైకేల్ డిబేకీకే 2005 డిసెంబరులో, 97 ఏళ్ళ వయసులో, ఆ జబ్బే వచ్చింది. ఆయనా మొదట్లో ఆసుపత్రికి రానని మొండికేశాడు. 2006 ఫిబ్రవరిలో ఆపరేషన్ చేశాక ఇంకో రెండేళ్ళ పైన బతికాడు. ఇది పిన్నికి చెప్తే, "అయితే మీ నాన్నా పెద్ద డాక్టరే" అంది.

నిన్న బీపీ మిషన్ కొని తెచ్చాను. నాన్న చేతికి చుట్టి మీట నొక్కితే 168 చూపించింది. "మిషన్ పాడైపోయిందమ్మా, షాపులో ఇచ్చేసి వచ్చేయ్" అన్నారు. అక్కడే నా చేతికి చుట్టుకుని నొక్కాను. 118. అంకె చూశారు, నన్ను చూశారు, తువ్వాలు భుజాన వేసుకుని వీధరుగు మీదకి వెళ్ళిపోయారు.